ఆర్‌వీ ప్రయాణంలో ట్రైపాడ్ మీద డిష్ నిలబెట్టడం ఎలా?

అమెరికాలో ఏ క్యాంప్‌గ్రౌండ్‌కి వెళ్ళినా సాయంత్రం పూట ఒక దృశ్యం కనిపిస్తుంది. ఒకాయన బయట డిష్ పట్టుకుని అటూ ఇటూ తిప్పుతుంటాడు. ఆర్‌వీ (ఇల్లులా వాడుకునే ప్రయాణపు బండి) లోపలినుంచి ఆవిడ "రాలేదు, ఇంకా రాలేదు" అని కేకేస్తుంటుంది. వెనకటికి డాబా మీద దూరదర్శన్ ఏరియల్ తిప్పిన రోజులే. కాకపోతే ఆ ఏరియల్ కాస్త పక్కకి ఉన్నా చుక్కలు చుక్కలుగా బొమ్మ కనిపించేది, దాన్నిబట్టి ఇంకొంచెం తిప్పేవాళ్ళం. డిష్‌తో ఆ వెసులుబాటు లేదు. వస్తే శుభ్రంగా వస్తుంది, లేకపోతే అసలు రాదు. ఎటు తిప్పాలో చెప్పే ఆనవాలే ఉండదు.

అందుకే ముందే చెప్పేస్తున్నా. ఉపగ్రహం దొరకనప్పుడు తప్పు చాలావరకు తిప్పడంలో ఉండదు, కింద ట్రైపాడ్ పైపు నిటారుగా లేకపోవడంలో ఉంటుంది. పైపు నిటారుగా ఉంటే మిగతా పని నిదానంగా ఒక్కసారి తిప్పడమే. ఈ వ్యాసంలో ఎక్కువ చోటు దానికే ఇచ్చాను.

ఇక్కడ చెప్పేది డిష్ నెట్‌వర్క్ అనే ఉపగ్రహ టీవీ కంపెనీ వాళ్ళ వెస్టర్న్ ఆర్క్ (పడమటి ఉపగ్రహాల వరస) 1000.2 డిష్, వాలీ అనే రిసీవర్ (టీవీకి తగిలించే డబ్బా) పెట్టుకునేవాళ్ళకి. ఆర్‌వీవాళ్ళ దగ్గర ఎక్కువగా కనిపించే జోడీ ఇదే. ఇంకో కంపెనీ డైరెక్ట్‌టీవీ వాళ్ళ స్లిమ్‌లైన్ డిష్ ఉన్నవాళ్ళకీ పద్ధతి ఇంతే, తేడా ఉన్నచోట చెబుతాను.

డబ్బా డిష్ కొనుక్కుంటే పోలేదా?

కొనుక్కోవచ్చు. కింగ్ టెయిల్‌గేటర్, వైన్‌గార్డ్ పాత్‌వే లాంటివి నేలమీద పెట్టి కేబుల్ తగిలిస్తే ఉపగ్రహాన్ని అవే వెతుక్కుంటాయి. రోజుకో ఊరు మారేవాళ్ళకి అదే సుఖం. కానీ లోపల ఉండే డిష్ చిన్నది కాబట్టి వాన పడితే పెద్ద డిష్ కంటే ముందే సిగ్నల్ పోతుంది. పైగా వాటిలో చాలావరకు ఒకసారికి ఒక ఉపగ్రహాన్నే చూస్తాయి. ఒక టీవీలో మీరు ఒక ఉపగ్రహం చానల్, ఇంకో టీవీలో పిల్లలు ఇంకో ఉపగ్రహం చానల్ చూస్తామంటే కుదరదు. ఇక డైరెక్ట్‌టీవీ హెచ్‌డీ ఈ చిన్న డబ్బాల్లో రాదు. ఒకచోట వారం పది రోజులు ఉండేవాళ్ళకి ట్రైపాడే మేలని నా అభిప్రాయం.

డిష్‌ని ఆర్‌వీ వెనక నిచ్చెనకి బిగించే క్లాంపులు కూడా దొరుకుతాయి. వాటి జోలికి వెళ్ళకండి. లోపల ఎవరైనా నడిస్తే బండి ఊగుతుంది, బండితో పాటు డిష్ ఊగుతుంది. అదీకాక బండిని చెట్టు నీడలో పెట్టుకోవాలనుకుంటాం, డిష్‌కేమో ఎండ పడే చోటు కావాలి. ట్రైపాడ్ అయితే రెంటినీ విడివిడిగా పెట్టుకోవచ్చు.

ముందు ఆకాశం చూసుకోండి

టీవీ ఉపగ్రహాలు భూమధ్యరేఖకి పైన 35,786 కిలోమీటర్ల ఎత్తున, మనకి కదలనట్టే కనిపిస్తూ ఉంటాయి. కాబట్టి అమెరికాలో ఎక్కడున్నా డిష్ దక్షిణం వైపే చూడాలి, కొన్నిచోట్ల నైరుతి, కొన్నిచోట్ల ఆగ్నేయం. హైదరాబాద్‌లో డాబా మీది డిష్‌లు దాదాపు నడినెత్తిని చూస్తుంటాయి. 83 డిగ్రీల తూర్పున ఉన్న ఉపగ్రహం అక్కడికి 69 డిగ్రీల ఎత్తులో ఉంటుంది మరి. ఇక్కడ మనం భూమధ్యరేఖకి ఇంకా దూరంగా ఉన్నాం కాబట్టి ఉపగ్రహాలు కిందికి దిగిపోతాయి. చెట్లు అడ్డం రావడం అక్కడ కంటే ఇక్కడ పెద్ద సమస్య.

డల్లాస్ సంగతి చూద్దాం. వెస్టర్న్ ఆర్క్ అంటే 110, 119, 129 డిగ్రీల పడమర రేఖాంశాల మీద ఉన్న మూడు ఉపగ్రహాలు. డల్లాస్ నుంచి 119 సరిగ్గా 45 డిగ్రీల ఎత్తులో, 217 డిగ్రీల దిక్కులో (ఉత్తరం నుంచి తూర్పు మీదుగా లెక్కిస్తే), అంటే నైరుతికి కాస్త ఇవతల ఉంటుంది. 110 దానికి ఎడమవైపు 49 డిగ్రీల ఎత్తులో, 129 కుడివైపు 38 డిగ్రీల ఎత్తులో ఉంటాయి. దిక్కులో చూస్తే ఆ చివరనుంచి ఈ చివరకి 203 నుంచి 229 డిగ్రీలు. కాబట్టి చెట్ల మధ్య ఒక్క కంత చాలదు, 26 డిగ్రీల వెడల్పున ఆకాశం కనిపించాలి.

దీన్ని కొలవడానికి పరికరం అక్కర్లేదు. చెయ్యి బారుగా చాచి పిడికిలి బిగిస్తే ఆ పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు. క్షితిజం నుంచి ఒకదాని మీద ఒకటి నాలుగున్నర పిడికిళ్ళు పేర్చుకుంటూ పోతే 45 డిగ్రీలు. పక్కకి మూడు పిడికిళ్ళ మేర ఖాళీ ఉందో లేదో చూసుకోండి. ఫోన్‌లో డిష్‌పాయింటర్ లాంటి యాప్ ఉంటే కెమెరాలోనే ఉపగ్రహాల వరస కనిపిస్తుంది. అయినా పిడికిలి లెక్క అలవాటు చేసుకోండి, సైట్ బుక్ చేసుకునే ముందు నడుచుకుంటూ వెళ్ళి చూసిరావచ్చు.

చెట్టు ఎంత దూరంలో ఉండాలి? ఉపగ్రహం 45 డిగ్రీల ఎత్తులో ఉంటే, డిష్ కంటే చెట్టు ఎంత ఎత్తుందో కనీసం అంత దూరంలో ట్రైపాడ్ ఉండాలి. 30 డిగ్రీలైతే ఆ ఎత్తుకి ఒకటిముప్పావు రెట్లు. ఇక 12 డిగ్రీలకి దిగితే దాదాపు ఐదు రెట్లు.

12 డిగ్రీలు ఎక్కడుంటుంది అంటారా? మెయిన్ రాష్ట్రంలో అకేడియా నేషనల్ పార్క్ దగ్గర 129 ఉపగ్రహం ఎత్తు సుమారు అంతే. ఆ అడవుల్లో 12 డిగ్రీల్లో ఆకాశం కనిపించడం కల్ల. అదే చోట ఈస్టర్న్ ఆర్క్ ఉపగ్రహాలు, అంటే 61.5, 72.7, 77 డిగ్రీలవి, 38 డిగ్రీల ఎత్తులో హాయిగా కనిపిస్తాయి. తూర్పు తీరం మీద ఎక్కువ తిరిగేవాళ్ళు ఈస్టర్న్ ఆర్క్ డిష్ తీసుకోవాలి. టెక్సస్ నుంచి పడమటికి తిరిగేవాళ్ళకి వెస్టర్న్ ఆర్క్ సరిపోతుంది. ఎల్లోస్టోన్‌లో కూడా వెస్టర్న్ ఆర్క్ మూడూ 35 నుంచి 38 డిగ్రీల మధ్య ఉంటాయి. డిష్ కొనేటప్పుడే ఆలోచించుకోవలసిన విషయం ఇది, క్యాంప్‌గ్రౌండ్‌కి వెళ్ళాక చేసేదేమీ ఉండదు.

ట్రైపాడ్, పైపు, చిన్నాచితకా

ట్రైపాడ్ కొనేముందు డిష్ వెనక ఉన్న గొట్టం కొలత చూడండి. డిష్ నెట్‌వర్క్ 1000.2 కి బయటి వ్యాసం 1⅝ అంగుళాలున్న పైపు కావాలి. డైరెక్ట్‌టీవీ స్లిమ్‌లైన్‌కి 2 అంగుళాలు. సన్న పైపు మీద పెద్ద గొట్టం వేసి అట్టముక్కలు దూర్చి బిగించేవాళ్ళున్నారు. మొదటి గాలికే అది తిరిగిపోతుంది.

కాళ్ళ పొడవు విడివిడిగా మార్చుకునే ట్రైపాడ్ అయితే వాలు నేల మీద ప్రాణం సుఖపడుతుంది. ఇంకా కావలసినవి: మేస్త్రీలు వాడే చిన్న రసమట్టం, అయస్కాంతం ఉన్నదైతే ఇనప పైపుకి అదే అతుక్కుంటుంది, నట్లకి సరిపోయే పానా, దిక్సూచి, పెయింటర్స్ టేపు, పెన్సిలు, ఐదు గ్యాలన్ల బకెట్, గట్టి తాడు లేదా గొలుసు, ఆర్‌జీ-6 కేబుల్ 50 అడుగులది ఒకటి, 25 అడుగులది ఒకటి. బజారులో దొరికే కీచుమనే సిగ్నల్ మీటర్ కొనకపోయినా నష్టం లేదు. అది ఏదో ఒక ఉపగ్రహం దొరికిందని అరుస్తుందే గాని ఏ ఉపగ్రహమో చెప్పదు. ఆ మాట రిసీవరే చెప్పాలి.

పైపు నిటారుగా ఉండాలి

డిష్ వెనక అంకెల స్కేలు ఉంటుంది. దాన్ని 45 దగ్గర పెడితే డిష్ 45 డిగ్రీల ఎత్తుకి చూస్తుంది, కింద పైపు నిటారుగా ఉన్నప్పుడు మాత్రమే. పైపు మూడు డిగ్రీలు నైరుతికి వాలి ఉందనుకోండి. డిష్‌ని నైరుతికి తిప్పితే అది చూసేది 42 డిగ్రీలు. ఈశాన్యానికి తిప్పితే 48. ఆగ్నేయానికి తిప్పితే ఎత్తు మారదు గాని డిష్ పక్కకి ఒరుగుతుంది. అంటే మీరు తిప్పుతున్నకొద్దీ ఎత్తు దానంతట అదే మారిపోతుంటుంది, స్కేలు మీద అంకె మాత్రం అలాగే ఉంటుంది. రెండడుగుల లోపు డిష్ చూసే వెడల్పు మొత్తం మూడు డిగ్రీలకి అటూ ఇటూ. మూడు డిగ్రీల తేడా ఉంటే మీరు గుండ్రంగా ఎన్నిసార్లు తిప్పినా ఉపగ్రహం కిందినుంచే వెళ్ళిపోతారు.

కాబట్టి ఇలా చేయండి. ట్రైపాడ్ కాళ్ళు పూర్తిగా చాచి, నేల మీద గట్టిగా అదిమి పెట్టండి. ఇసుక నేలైనా, వాన పడి మెత్తబడ్డ నేలైనా ఒక్కో కాలి కింద చెక్కముక్క పెట్టండి. బండిని సమం చేసుకోవడానికి ఆర్‌వీలో ఉండే ప్లాస్టిక్ దిమ్మలు ఇందుకూ పనికొస్తాయి. తర్వాత బరువు వేలాడదీయండి, డిష్ ఎక్కించకముందే. బకెట్ నిండా నీళ్ళు పోసి ట్రైపాడ్ నడిమధ్య నుంచి తాడుతో కట్టి, బకెట్ అడుగు నేలకి తగిలీ తగలనట్టు ఉంచండి. ఐదు గ్యాలన్ల నీళ్ళంటే 19 కిలోలు. ఆ బరువుకి కాళ్ళు దిగాల్సినంత దిగిపోతాయి. చాలామంది మట్టం చూసుకున్నాక బరువు కడతారు. అప్పుడు ఒక కాలు దిగుతుంది, చూసిన మట్టం కాస్తా పోతుంది.

ఇప్పుడు రసమట్టాన్ని పైపు పక్కన నిలువుగా ఆనించి బుడగ మధ్యకి వచ్చేదాకా కాళ్ళు సవరించండి. తర్వాత మట్టాన్ని పైపు చుట్టూ పావు వంతు తిప్పి, అంటే దక్షిణం వైపు చూసింది పడమటి వైపుకి మార్చి, మళ్ళీ చూడండి. రెండు వైపులా బుడగ మధ్యలో ఉంటేనే పైపు నిటారు. రెండోవైపు సవరిస్తే మొదటివైపు కాస్త చెడుతుంది, ఒకటికి రెండుసార్లు అటూ ఇటూ చూడక తప్పదు. కొన్ని ట్రైపాడ్‌లకి పైన గుండ్రటి బుడగ ఇస్తారు, దాన్ని నమ్ముకోకండి. అది పళ్ళెం మట్టం చెబుతుంది, పైపు మట్టం కాదు. మనకి కావలసింది పైపు.

ఈ పనికి పది నిమిషాలు పట్టినా పర్వాలేదు. ఇక్కడ మిగుల్చుకున్న పది నిమిషాలకి తర్వాత గంట పోతుంది.

మూడు అంకెలు

వాలీలో సెట్టింగ్స్, డయాగ్నస్టిక్స్ లోపల డిష్ అనే భాగం ఉంటుంది. అక్కడ పాయింట్ డిష్ తెర తెరిచి క్యాంప్‌గ్రౌండ్ జిప్ కోడ్ కొడితే మూడు అంకెలు వస్తాయి: స్క్యూ, ఎత్తు, దిక్కు. మీ డిష్ రకం సరిగ్గా ఎంచుకున్నారో లేదో చూసుకోండి. డిష్ 500 రకానికి ఇచ్చే అంకెలు వేరు, 1000.2 కి వేరు.

స్క్యూ అంటే డిష్‌ని గడియారం ముల్లులా పక్కకి ఒరిగించడం. డల్లాస్ నుంచి చూస్తే 110 ఎత్తున, 129 కిందన ఉన్నాయని చెప్పుకున్నాం కదా. ఆకాశంలో ఆ మూడూ ఏటవాలు గీత మీద ఉన్నాయన్నమాట. డిష్ ముందు చేతికి ఉన్న ఎల్‌ఎన్‌బీ (సిగ్నల్ అందుకునే భాగం) మూడు కళ్ళూ అదే వాలులో ఉండాలి కాబట్టి స్క్యూ. ముందు దీన్ని పెట్టి గట్టిగా బిగించేయండి, మళ్ళీ ముట్టుకునే పని లేదు.

తర్వాత ఎత్తు. స్కేలు మీద అంకెకి పెట్టి, డిష్ తన బరువుకి జారకుండా, చేత్తో గట్టిగా నొక్కితే కదిలేటంత మాత్రమే బిగించండి. ఇక్కడ ఒక అనుమానం వస్తుంది. 45 కి పెట్టినా డిష్ మొహం చూస్తే ఎదురుగా ఉన్న చెట్ల వైపే చూస్తున్నట్టుంటుంది. కంగారు పడొద్దు. ఇవి ఆఫ్‌సెట్ డిష్‌లు. పైనుంచి వచ్చిన సిగ్నల్ వీటి మీద పడి కిందగా ఉన్న ఎల్‌ఎన్‌బీకి మళ్ళుతుంది. అందుకని డిష్ మొహం తను చూసే ఎత్తు కంటే 20 డిగ్రీలకి పైగా కిందికి వంగినట్టు కనిపిస్తుంది. స్కేలుని నమ్మండి, కంటిని కాదు.

మూడోది దిక్కు. దిక్సూచితోనే తిరకాసు. అది చూపించే ఉత్తరం, మ్యాప్‌లో ఉత్తరం ఒకటి కావు. సియాటిల్‌లో దిక్సూచి 15 డిగ్రీల తూర్పుకి లాగుతుంది, మెయిన్ తీరంలో అంతే పడమటికి. డల్లాస్‌లో రెండు మూడు డిగ్రీలే. తూర్పుకి లాగే చోట ఆ తేడాని అసలు దిక్కులోంచి తీసేయాలి, పడమటికి లాగే చోట కలపాలి. గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచు దగ్గర డైరెక్ట్‌టీవీ 101 ఉపగ్రహం అసలు దిక్కు 162 డిగ్రీలు, ఎత్తు 46 పైన. అక్కడ తేడా తూర్పుకి సుమారు 10 డిగ్రీలు కాబట్టి దిక్సూచిలో 152 చూడాలి. తీసేయాల్సింది కలిపితే మొత్తం 20 డిగ్రీలు తప్పిపోతారు. మీకు ఇచ్చిన అంకె మ్యాప్ ఉత్తరం లెక్కా, దిక్సూచి ఉత్తరం లెక్కా అన్నది ముందు చూసుకోండి. కొన్ని సైట్లు రెండూ ఇస్తాయి.

దిక్సూచి అయినా ఫోన్ అయినా బండికి, ట్రైపాడ్‌కి నాలుగడుగులు దూరంగా నిలబడి చూడండి, ఇనుము దగ్గర సూది అబద్ధం చెబుతుంది. ఫోన్ కవర్‌లో అయస్కాంతం ఉంటే తీసేయండి. ఆ దిక్కులో దూరంగా ఒక గుర్తు, కరెంటు స్తంభమో పక్కవాళ్ళ బండి మూలో, చూసుకుని డిష్ చేతిని దానివైపు తిప్పండి. దిక్కు ఎంత జాగ్రత్తగా చూసినా ఐదారు డిగ్రీలు తేడా వస్తుంది, ఆ తేడా ఎలాగూ వెతుకుడులో తీరుతుంది.

కేబుల్

ఎల్‌ఎన్‌బీకి కరెంటు రిసీవర్ నుంచి అదే కేబుల్‌లో వెళుతుంది, డిష్ దగ్గరికి వేరే తీగ అక్కర్లేదు. డైరెక్ట్‌టీవీ వాళ్ళకి కొన్ని రిసీవర్లతో పవర్ ఇన్సర్టర్ కావాలి. కేబుల్ తగిలించేటప్పుడు, తీసేటప్పుడు రిసీవర్ ప్లగ్ పీకేయండి, మధ్య తీగ జాలీకి తగిలితే షార్ట్ అవుతుంది.

ఆర్‌వీ పక్కన సాకెట్ల డబ్బాలో కేబుల్ అని ఒకటి, శాటిలైట్ అని ఒకటి ఉంటాయి. డిష్ రెండోదానికే. అది లోపల నేరుగా టీవీ వెనక దాకా వెళ్ళాలి. మధ్యలో స్ప్లిటర్ ఉన్నా, పైకప్పు యాంటెనా బూస్టర్ ఉన్నా సిగ్నల్ అక్కడే ఆగుతుంది. పాత బండ్లలో గోడలోపల సన్నటి ఆర్‌జీ-59 తీగ వేసి ఉంటారు, దాంతోనూ ఇబ్బందే. అనుమానం ఉంటే మొదటిసారి కేబుల్‌ని కిటికీ గుండా లోపలికి లాగి రిసీవర్‌కి నేరుగా తగిలించి చూడండి. అలా వచ్చి, గోడ సాకెట్ నుంచి రాకపోతే తప్పు ఎక్కడుందో తెలిసిపోయినట్టే.

వెతకడం

వీలైతే చిన్న టీవీని బయటికి తెచ్చుకోండి. లేదా లోపల ఒక ఫోన్‌ని టీవీ ఎదురుగా నిలబెట్టి వీడియో కాల్ పెట్టుకోండి. కేకలతో పని జరగదు, కాపరాలు మాత్రం కదులుతాయి.

పాయింట్ డిష్ తెర మీద ఉపగ్రహం 119 ఎంచుకోండి, ఇది మధ్య కన్ను. ఇప్పుడు డిష్‌ని అనుకున్న దిక్కుకి ఇరవై డిగ్రీలు తూర్పుగా తిప్పి పెట్టి, అక్కడినుంచి పడమటికి మెల్లగా రండి. మెల్లగా అంటే ఎంత మెల్లగా? 1⅝ అంగుళాల పైపు మీద ఒక డిగ్రీ అంటే మిల్లీమీటరులో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ. డిష్ చూసే వెడల్పు మొత్తం పైపు మీద ఒక్క మిల్లీమీటరు. అందుకే అంచు పట్టుకుని ఊపినట్టు తిప్పితే ఉపగ్రహం మీదినుంచి దాటిపోయినా మీకు తెలియదు. రెండు చేతులతో డిష్ వెనక గొట్టం దగ్గర పట్టుకుని, గోరంత కదిపి ఆగండి. రిసీవర్ సిగ్నల్ గుర్తుపట్టడానికి ఒకటి రెండు క్షణాలు పడుతుంది. మూడు లెక్కపెట్టి మళ్ళీ గోరంత.

తెర మీద సిగ్నల్ పట్టీ ఎర్రగా వస్తే ఏదో ఉపగ్రహం దొరికింది గాని మనది కాదు. చాలాసార్లు అది పక్కదే. ఆగకుండా ఇంకా తిప్పండి. పట్టీ పచ్చబడి 119 అని చూపిస్తే దొరికినట్టే. ఒక చివరనుంచి ఇంకో చివరదాకా వెళ్ళినా ఏమీ రాకపోతే ఎత్తు రెండు డిగ్రీలు పెంచి మళ్ళీ అదే పని, తర్వాత రెండు తగ్గించి ఇంకోసారి. అప్పటికీ రాకపోతే ఎత్తుతో ఆడటం మానేసి పైపు మట్టం మళ్ళీ చూడండి. అది బాగుంటే కేబుల్. అదీ బాగుంటే చెట్టు.

పచ్చగా వచ్చాక శిఖరం పట్టుకోవాలి. గొట్టం అంచు పైపుని తాకే చోట టేపు చుట్టండి. డిష్‌ని కుడికి తిప్పుతూ సిగ్నల్ బాగా పడిపోయే చోట పెన్సిల్‌తో గీత పెట్టండి, ఎడమకి తిప్పి అటూ అలాగే. ఆ రెండు గీతల సరిగ్గా మధ్యకి డిష్‌ని తెచ్చి బిగించండి. అంకె ఎక్కడ ఎక్కువగా కనిపిస్తే అక్కడ ఆపడం కంటే ఇది నమ్మకం, ఎందుకంటే శిఖరం దగ్గర అంకె అటూ ఇటూ గెంతుతూనే ఉంటుంది. ఎత్తుకీ ఇదే పద్ధతి. అంకె 100 రావాలనేం లేదు, పోటీ పరీక్ష కాదు.

నట్లు బిగిస్తుంటే డిష్ కాస్త పక్కకి లాగుతుంది. ఒకేదాన్ని పూర్తిగా బిగించకుండా ఒకదాని తర్వాత ఒకటి పావు చుట్టు చొప్పున బిగించండి, తెర మీద కన్ను వేసి ఉంచండి. ఆ తర్వాత 110, 129 కూడా చూడండి. 119 బాగా వచ్చి, 129 బలహీనంగా ఉంటే సాధారణంగా స్క్యూ తప్పు, లేదా ఆ పక్కన కొమ్మ అడ్డం. మూడూ బాగుంటే రిసీవర్‌లో ఇన్‌స్టలేషన్ టెస్ట్ నడిపించండి, ఏ కన్ను ఎటుందో అప్పుడే దానికి తెలుస్తుంది. ఈ మెట్టు వదిలేసి సగం చానళ్ళు రావడం లేదని బాధపడేవాళ్ళు చాలామంది.

గాలికి, వానకి

బకెట్ బరువు మామూలు గాలికి చాలు. అరిజోనా, న్యూమెక్సికో మైదానాల్లో సాయంత్రాలు గాలి లేస్తే చాలదు. ట్రైపాడ్ మూడు కాళ్ళకీ మేకులు కొట్టండి, లేదా మూడు వైపులా తాళ్ళు లాగి కట్టండి. క్యాంప్‌గ్రౌండ్‌లో మేకు దించేముందు ఆఫీసులో అడగండి, కింద కరెంటు తీగలు, నీళ్ళ గొట్టాలు పోతుంటాయి. తుఫాను హెచ్చరిక వస్తే డిష్ దించేసి పక్కన పడుకోబెట్టడం ఉత్తమం.

ఎల్‌ఎన్‌బీ దగ్గర కేబుల్‌ని కిందికి ఒక చుట్టు వదిలి పైకి తీసుకెళ్ళండి, వాన నీరు ఆ చుట్టు అడుగునుంచి కారిపోతుంది, కనెక్టర్‌లోకి పోదు. తెల్లవారుజామున మంచు పట్టి సిగ్నల్ తగ్గితే ఎల్‌ఎన్‌బీ మొహాన్ని గుడ్డతో తుడిస్తే చాలు. రాత్రి ఎవరూ తట్టుకోకుండా కేబుల్ మీద రంగు టేపు చుట్టండి, పిల్లలున్న సైట్‌లో ఇది తప్పనిసరి.

సిగ్నల్ ఉంది, లోకల్ చానల్ లేదు

మూడు ఉపగ్రహాలూ పచ్చగా ఉన్నాయి, సినిమా చానళ్ళు వస్తున్నాయి, మీ ఊరి వార్తల చానల్ మాత్రం రాదు. డిష్ తప్పు కాదిది. లోకల్ చానళ్ళని ఉపగ్రహం ఆ ప్రాంతం మీదికి మాత్రమే చిన్న వెలుగు మడుగులా పంపిస్తుంది, దాన్ని స్పాట్ బీమ్ అంటారు. డల్లాస్ చానళ్ళు కాన్యన్ దగ్గర రావు. కంపెనీకి చెప్పి సర్వీస్ అడ్రస్ ఇప్పుడున్న చోటికి మార్పించుకుంటే అక్కడి చానళ్ళు వస్తాయి. రెండు రోజులకోసారి ఊరు మారేవాళ్ళు ఈ తలనొప్పి పెట్టుకోకుండా పైకప్పు యాంటెనాతో లోకల్ చానళ్ళు చూసుకోవడం మంచిది, అవి ఉచితం కూడా. ఆర్‌వీవాళ్ళకి డిష్ నెట్‌వర్క్ నెలనెలా కట్టుకునే పథకం ఇస్తుంది, బండి ఇంటి దగ్గర ఉన్న నెల ఆపుకోవచ్చు.

మరి స్టార్‌లింక్?

మన చానళ్ళు, కొత్త సినిమాలు కావాలనుకునే ఇళ్ళల్లో ఇప్పుడు ఎక్కువగా ఇంటర్నెట్ దారే. స్టార్‌లింక్ అంటే ఉపగ్రహాల ద్వారా వచ్చే ఇంటర్నెట్. దాని మినీ కిలో బరువున్న పలక, 25 నుంచి 40 వాట్లతో నడుస్తుంది, వైఫై అందులోనే ఉంటుంది. దీనికి మట్టం, స్క్యూ, దిక్సూచి ఏమీ అక్కర్లేదు, యాప్ చెప్పిన వైపు తిప్పి పెడితే చాలు. అయితే ఒక సంగతి మరవకండి. స్టార్‌లింక్ ఉపగ్రహాలు 550 కిలోమీటర్ల ఎత్తున పరుగెడుతుంటాయి. ఒకటి దాటగానే ఇంకోదాన్ని పట్టుకోవాలి కాబట్టి దానికి ఆకాశం విశాలంగా కనిపించాలి. మామూలు డిష్‌కి దక్షిణాన మూడు పిడికిళ్ళ ఖాళీ ఉంటే మిగతా అంతా అడవైనా పర్వాలేదు. దట్టమైన చెట్లున్న పార్కుల్లో స్టార్‌లింక్ నిమిషానికోసారి తెగుతుంటే, ఆ పక్కనే ట్రైపాడ్ మీది డిష్ చెట్ల సందులోంచి చక్కగా బొమ్మ ఇస్తుంటుంది. రెండూ ఉంచుకునే స్తోమత ఉంటే ఉంచుకోండి. ఒకటే అంటే మీరు తిరిగే చోట్ల చెట్లని బట్టి నిర్ణయించుకోండి.

సర్దుకునేటప్పుడు

తర్వాతి మజిలీ యాభై అరవై మైళ్ళ లోపే అయితే ఎత్తు, స్క్యూ నట్లు వదులు చేయకుండా డిష్‌ని పైపు మీదినుంచి ఉన్నదున్నట్టు ఎత్తేయండి. అంకెలు పెద్దగా మారవు, అక్కడ మట్టం చూసి దిక్కు వెతుక్కుంటే సరిపోతుంది. డిష్‌ని బోర్లా పెట్టకండి, ఎల్‌ఎన్‌బీ చెయ్యి వంగితే మళ్ళీ ఏ అంకె పెట్టినా సిగ్నల్ సరిగ్గా రాదు. పాత దుప్పటి చుట్టి నిలబెట్టండి. బకెట్ నీళ్ళు చెట్టుకి పోయండి. కేబుల్ చివరలకి మూతలు పెట్టి, బండి పక్క సాకెట్ నుంచి తీశారో లేదో స్టీరింగ్ ముందు కూర్చునే ముందు ఒకసారి బండి చుట్టూ తిరిగి చూసుకోండి.